ఆగిపోయిన మైనింగ్ యంత్రం, బ్యాంకులో అయిదు తులాల బంగారం

ప్రశ్న

ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో కంప్యూటర్ మరమ్మతుల దుకాణం నడుపుతున్న నలభై ఒక్క ఏళ్ల పాఠకుడొకరు ఏడు పేజీల లేఖ రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన కిందటి డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక వ్యాపారి దగ్గర బిట్‌కాయిన్ మైనింగ్ (కంప్యూటర్ లెక్కలతో కొత్త బిట్‌కాయిన్ నాణేలు సంపాదించడం) చేసే ఏసిక్ యంత్రాలు, అంటే ఆ ఒక్క పనికే తయారైనవి, రెండు, ఒక్కొక్కటి 95 వేల రూపాయల చొప్పున కొన్నారు. రెండూ అంతకుముందు వాడినవే. ఒక్కో యంత్రం సామర్థ్యం 100 టెరాహాష్‌లు (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందో చెప్పే కొలత), విద్యుత్ వాడకం 3,050 వాట్లు. వైరింగుకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు మరో 35 వేలు అయింది. ఇందుకోసం భార్య అయిదు తులాల బంగారాన్ని బ్యాంకులో కుదువ పెట్టి రెండు లక్షలు తెచ్చారు. దుకాణంలోకి సరుకు తేవడానికని ఆమెకు చెప్పారు. కరెంటు యూనిట్ నాలుగు రూపాయలు పడుతుందని, ఖర్చులు పోను నెలకు పది పన్నెండు వేలు మిగులుతాయని వ్యాపారి కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు. ‘కంపెనీ వారంటీ ఏడాది ఉంది’ అని వాట్సాప్‌లో రాశాడు. జీఎస్టీ బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఒక ఎస్టిమేట్ చీటీ ఇచ్చాడు. లక్షా యాభై వేలు బ్యాంకు ద్వారా, మిగతా 40 వేలు నగదుగా తీసుకున్నాడు.

యంత్రాలను ఇంటి డాబా మీద రేకుల గదిలో, ఇంటి మీటరు మీదే నడిపారు. మొదటి నెల బిల్లు 45 వేలు దాటింది. ధర పెరుగుతుందిలే అన్న ఆశతో, ఒక స్నేహితుడి దగ్గర 80 వేలు చేబదులు తీసుకుని అయిదు నెలలు నెట్టుకొచ్చారు. వచ్చిన నాణేలను అమ్మలేదు, మొత్తం 0.012 బిట్‌కాయిన్ దాకా పోగైంది. మే నెల ఎండల్లో ఒక యంత్రంలోని మూడు హాష్‌బోర్డుల్లో (లెక్కలు చేసే చిప్పులున్న పలకలు) ఒకటి ఆగిపోయింది. వారంటీ అడిగితే ‘అది కంపెనీతో చూసుకోండి’ అన్నాడు వ్యాపారి. తయారీదారు వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి చూస్తే వారంటీ ముగిసి రెండేళ్లు దాటిందని తేలింది.

ఇప్పుడు ఆయన ముందు నాలుగు మాటలు ఉన్నాయి. ఒక మెకానిక్ 18 వేలకు బోర్డు బాగు చేస్తానంటున్నాడు. రెండు యంత్రాలూ కలిపి 70 వేలకు కొంటామని ఇంకొకరు అడిగారు. అవి తిరిగి ఇచ్చేస్తే, వేరెక్కడో ఉన్న యంత్రాల మీద నెలకు ఎనిమిది శాతం వచ్చే ‘క్లౌడ్ మైనింగ్ కాంట్రాక్టు’ ఇస్తానని ఆ వ్యాపారే అంటున్నాడు. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న బావమరిది, యూనిట్ ఏడున్నర సెంట్లకు టెక్సస్‌లోని హోస్టింగ్ కేంద్రంలో (డబ్బు తీసుకుని ఇతరుల యంత్రాలను తమ దగ్గర నడిపే చోటు) కొత్త యంత్రం పెడదామని, సగం పెట్టుబడి పెట్టమని పిలుస్తున్నాడు. డాబా మీద సోలార్ పెడితే ఎలా ఉంటుందని కూడా ఆయన అడిగారు. లేఖ చివర ఇలా రాశారు: ‘రాత్రిళ్లు ఆ ఫ్యాన్ల హోరు వింటూ పడుకుంటున్నాను. బిల్లు సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. వారంటీ ఎలా సాధించాలో చెప్పండి.’

సమాధానం

మీరు అడిగింది వారంటీ గురించి. ఆ సంగతి తప్పకుండా చెబుతాను. అయితే మీ లేఖను రెండుసార్లు చదివి, మీరు పంపిన బిల్లులు ముందు పెట్టుకుని లెక్క వేశాక నాకు తోచింది వేరు. ఆ బోర్డు చెడిపోకపోయినా, వారంటీ నిక్షేపంగా ఉన్నా, మీ ఇంటి మీటరు మీద ఆ యంత్రాలు నడిచిన ప్రతి రోజూ మీకు నష్టమే. కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే ఉంది.

బిట్‌కాయిన్ వ్యవస్థ రోజుకు సుమారు 144 బ్లాకులు (లావాదేవీల కట్టలు) తయారుచేస్తుంది. 2024 ఏప్రిల్‌లో జరిగిన హాల్వింగ్ (కొత్త నాణేలు సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాకుకు దక్కే కొత్త నాణేలు 6.25 నుంచి 3.125కు తగ్గాయి. అంటే ప్రపంచంలో మైనింగ్ చేసేవారందరూ కలిసి రోజుకు పంచుకునేది 450 బిట్‌కాయిన్లు. లావాదేవీల రుసుములు దీనికి కొద్దిగా కలుస్తాయి. ఆ వాటా ఎవరి దగ్గర ఎన్ని టెరాహాష్‌లు ఉన్నాయన్నదాన్ని బట్టి వస్తుంది. 2025లో నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 1,000 ఎక్సాహాష్‌ల స్థాయికి, అంటే వంద కోట్ల టెరాహాష్‌లకు చేరింది. ఆ లెక్కన ఒక టెరాహాష్‌కు రోజుకు దక్కేది 45 సతోషీలు. బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతే సతోషీ. మీ యంత్రం ఒక్కోటి 100 టెరాహాష్‌లు కాబట్టి రోజుకు 4,500 సతోషీలు వస్తాయి. బిట్‌కాయిన్ ధర 90 లక్షల రూపాయలు అనుకుంటే అది 405 రూపాయలు. ధర రోజూ మారుతుంది కాబట్టి మీరు ఈ కాగితం చూసే రోజున ఉన్న ధర వేసుకోండి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇక ఖర్చు. 3,050 వాట్ల యంత్రం ఇరవై నాలుగు గంటలు నడిస్తే 73 యూనిట్లు కాలుతాయి. తెలంగాణలో గృహ వినియోగం నెలకు 800 యూనిట్లు దాటాక యూనిట్ 10 రూపాయలు. మీ రెండు యంత్రాలే నెలకు దాదాపు 4,400 యూనిట్లు తాగుతున్నాయి కాబట్టి వాటి వాడకంలో అత్యధిక భాగం ఆ పది రూపాయల శ్లాబులోనే పడుతోంది. అంటే 405 రూపాయల రాబడికి సుమారు 730 రూపాయల కరెంటు. రోజుకు, ఒక్కో యంత్రం మీద, 325 రూపాయల లోటు. ఆ వ్యాపారి వేసిన నాలుగు రూపాయల యూనిట్ ఇంత వాడకానికి మన దగ్గర ఎవరికీ దొరకదు. పరిశ్రమల విభాగంలో ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కనెక్షన్ తీసుకున్నా 7 రూపాయల 70 పైసల దగ్గర ఉంటుంది. మీ యంత్రానికి రాబడీ ఖర్చూ సరిపోవాలంటే యూనిట్ అయిదున్నర రూపాయలకు మించకూడదు. ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్లినా తేడా లేదు. అక్కడ 400 యూనిట్లు దాటితే 9 రూపాయల 75 పైసలు.

ఇప్పుడు ఆ చెడిపోయిన బోర్డు సంగతి చూడండి. మూడింటిలో ఒక బోర్డు ఆగితే రాబడి మూడో వంతు తగ్గింది, కరెంటు వాడకమూ ఇంచుమించు మూడో వంతు తగ్గింది. అంటే బోర్డు ఆగిపోవడం వల్ల మీ రోజువారీ నష్టం దాదాపు 110 రూపాయలు తగ్గింది. 18 వేలు పెట్టి దాన్ని బాగు చేయిస్తే, ఆ 110 రూపాయల నష్టాన్ని మళ్లీ కొని తెచ్చుకున్నట్టు అవుతుంది. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఆ బోర్డు కోసం మీరు నిద్ర మానుకుని తిరుగుతున్నారని మీ లేఖలో ప్రతి పేజీలో కనిపిస్తోంది. కానీ మీ బాధకు మూలం ఆ బోర్డు కాదు.

మరి ధర పెరిగితే? పెరగవచ్చు, పెరగకపోవచ్చు. పెరుగుతుందని నమ్మేవారికి కూడా మైనింగ్ దగ్గరి దారి కాదని మీ అయిదు నెలల అనుభవమే చెబుతోంది. మీరు యంత్రాల కరెంటుకే రెండు లక్షల 15 వేల దాకా కట్టి 0.012 బిట్‌కాయిన్ సంపాదించారు. అదే డబ్బుతో, పైన అనుకున్న ధరకే, నేరుగా కొని ఉంటే 0.0239 వచ్చేది. దానికి తోడు, ధర పెరిగినప్పుడల్లా ప్రపంచంలో ఎక్కడో మరిన్ని కొత్త యంత్రాలు ఆన్ అవుతాయి. 2,016 బ్లాకులకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, డిఫికల్టీ, అంటే నాణేలు సంపాదించడంలోని కష్టం, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మీ పాత యంత్రం వాటా అప్పుడు ఇంకా చిక్కిపోతుంది. బంగారం తాకట్టు పెట్టి బిట్‌కాయిన్ కొనమని నేను చెప్పడం లేదు. ‘ఆగితే అవకాశం పోతుందేమో’ అన్న భయం మిమ్మల్ని ఈ యంత్రాలకు కట్టిపడేయకూడదని మాత్రమే చెబుతున్నాను.

ఈ లెక్కకన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మీరు పంపిన రెండో ఫొటోలో ప్లగ్గు పిన్ను గోధుమ రంగుకు తిరిగి, చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కి ఉంది. నేను చాలాకాలం విద్యుత్ శాఖలో పనిచేశాను. ఆ రంగు నాకు బాగా తెలుసు. 16 ఆంపియర్ల సాకెట్టు గీజరును పావుగంట మోయడానికి సరిపోతుంది. 14 ఆంపియర్లు రాత్రింబవళ్లు, నెలల తరబడి మోయడానికి కాదు. ఈ యంత్రాల పవర్ సప్లై ఎప్పుడూ ఒకే వాట్లు లాగుతుంది కాబట్టి వేసవిలో వోల్టేజీ 200కు పడిపోయినప్పుడు కరెంటు 15 ఆంపియర్లు దాటుతుంది. పిన్ను వదులై వేడెక్కడం, వేడికి ఇంకా వదులవడం, అలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి చివరకు మంటలు లేస్తాయి. ఆ రేకుల గది కింద మీ నాన్నగారు పడుకుంటారని రాశారు. ఏ నిర్ణయం తీసుకున్నా, తీసుకోకపోయినా, ఈ సమాధానం చదివిన రోజునే రెండు యంత్రాలనూ ఆపి, ఆ సాకెట్టును ఎలక్ట్రీషియన్ చేత తీయించివేయండి.

ఇంటి కనెక్షన్ సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. మీ మంజూరు లోడు నాలుగు కిలోవాట్లు. రెండు యంత్రాలే ఆరు దాటుతున్నాయి. పైగా సంపాదన కోసం నడిపే యంత్రాలను గృహ కనెక్షన్ మీద నడిపారు. విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద దీన్ని అనధికార వినియోగంగా భావిస్తే, వర్తించే విభాగపు రేటుకు రెట్టింపు చొప్పున అంచనా వేసి వసూలు చేయవచ్చు. వాడకం ఎప్పుడు మొదలైందో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలల దాకా వెనక్కి వెళ్లవచ్చు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ‘ఇంకో రెండు నెలలు చూద్దాం’ అనుకుంటే ఆ రెండు నెలల ఖరీదు కరెంటు బిల్లుతో ఆగదని గుర్తించడానికి చెబుతున్నాను.

ఇక వారంటీ. ఈ రంగంలో బిట్‌మెయిన్, మైక్రోబీటీ, కెనాన్ వంటి పెద్ద తయారీదారులు కొద్దిమందే. సాధారణంగా వారంటీ, యంత్రం కర్మాగారం నుంచి మొదటి కొనుగోలుదారుకు బయలుదేరిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. అది యంత్రం సీరియల్ నంబరుకు అతుక్కుని ఉంటుంది. వాడిన యంత్రానికి ‘కంపెనీ వారంటీ ఏడాది ఉంది’ అని ఎవరైనా అన్నప్పుడు, డబ్బు ఇచ్చే ముందు ఆ నంబరు అడిగి తయారీదారు సైట్‌లో చూసుకోవాలి. మీరు అయిదు నెలల తర్వాత చేసిన పని అదే, ఆ రోజు రెండు నిమిషాల్లో అయ్యేది.

వారంటీ ఉన్నవాళ్లకూ అది అనుకున్నంత సులువు కాదు. బోర్డును సర్వీసు కేంద్రానికి పంపే ఖర్చు సాధారణంగా కొన్నవారిదే. వేరే ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించినా, ఓవర్‌క్లాక్ చేసినా (నిర్ణయించిన వేగం మించి నడిపినా), తేమ వల్ల చిలుము పట్టినా, పిడుగుపాటు వోల్టేజీ తగిలినా వారంటీ వర్తించదంటారు. దేశం దాటించాలంటే ‘మరమ్మతు కోసం పంపి తిరిగి తెచ్చుకుంటున్నాం’ అని కస్టమ్స్ పత్రాల్లో ముందే రాయించాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు కొత్త సరుకులా సుంకం పడే ప్రమాదం ఉంది. అసలు మీ యంత్రాలు దేశంలోకి సక్రమంగా వచ్చాయని చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా మీ దగ్గర లేదు. కాబట్టి తయారీదారు వైపు నుంచి మీకు ఏమీ రాదనే అనుకోండి.

వ్యాపారి మాట వేరు. వారంటీ లేని యంత్రాన్ని ఉందని చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, ఈ రెండూ అక్రమ వ్యాపార పద్ధతులేనని వాదించవచ్చు. మీ దగ్గర వాట్సాప్ సందేశం ఉంది, బ్యాంకు చెల్లింపు ఉంది, సీరియల్ నంబరు మీద వారంటీ ముగిసిన తేదీ చూపే పేజీ ఉంది. ముందుగా వీటన్నిటినీ ఫొటోలు తీసి భద్రపరచండి, ఫోను మార్చినా పోకుండా. తర్వాత ‘ఫలానా రోజున మీరిచ్చిన మాట ఇది, నిజం ఇది, యంత్రాలు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి లేదా తేడా చెల్లించండి’ అని రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, కారణం ఏర్పడిన రెండేళ్ల లోపు వేయాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగా చూడదు. స్వయం ఉపాధి ద్వారా పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువైతే మినహాయింపు ఉంది. మీకు వేరే దుకాణం ఉంది కాబట్టి అవతలి వకీలు తప్పకుండా ఈ మాట ఎత్తుతాడు. అందుకే నోటీసుతోనే రాజీ కుదిరి కొంత డబ్బు వెనక్కి వస్తే, అది తక్కువే అనిపించినా, తీసుకోవడం తెలివైన పని కావచ్చు. పట్టుబట్టి కేసు నడపడం మీ హక్కు. దానికి పట్టే కాలం కూడా మీదే.

ఆ వ్యాపారి ఇస్తానంటున్న క్లౌడ్ మైనింగ్ కాంట్రాక్టును మాత్రం అసలు ఆలోచించకండి. ఎక్కడో ఉన్న, మీరు చూడని యంత్రం మీద నెలకు ఎనిమిది శాతం ఇస్తామనే మాట మన దేశానికి కొత్త కాదు. గెయిన్‌బిట్‌కాయిన్ పథకం నెలకు పది శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని చెప్పి దేశమంతటా జనం దగ్గర వసూలు చేసింది. దాన్ని నడిపిన అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు, 2022లో చనిపోయాడు. డబ్బు పెట్టినవారు ఏళ్ల తరబడి దర్యాప్తు సంస్థల చుట్టూ తిరిగారు. ఇప్పుడు మీ చేతిలో కనీసం ఇనుమూ అల్యూమినియమూ చిప్పులూ ఉన్నాయి. అవి ఇచ్చి ఒక కాగితం తీసుకోవద్దు.

మరమ్మతు గురించి మరొక్క మాట, ఎందుకంటే అది మీ వృత్తి. మీరు పంపిన లాగ్ (యంత్రం తన పనితీరును నమోదు చేసుకునే చిట్టా) ఫొటోలో ఆ బోర్డు మీద ఉండవలసిన 126 చిప్పులకు 77 మాత్రమే కనిపించాయని ఉంది. ఈ చిప్పులు గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. సంకేతం ఒకచోట తెగితే దాని తర్వాతివన్నీ కనిపించకుండా పోతాయి. కాబట్టి 77, 78 చిప్పుల దగ్గర టంకం పగిలి ఉండవచ్చు, హీట్‌సింక్ ఊడి ఒక చిప్పు కాలి ఉండవచ్చు. ఈ రకం యంత్రాలు 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో అంతకన్నా చాలా ఎక్కువే ఉండి ఉంటుంది. కరెంటు పూర్తిగా తీసేసి, ఆ బోర్డు కేబుల్‌ను పక్క బోర్డు పోర్టులోకి మార్చి చూడండి. లోపం బోర్డుతో పాటు కదిలితే బోర్డుది, పోర్టు దగ్గరే ఉండిపోతే, ఆ బోర్డులన్నిటినీ నడిపించే కంట్రోల్ బోర్డుది. వారంటీ ఎలాగూ లేదు కాబట్టి విప్పడానికి జంకక్కర్లేదు. కంట్రోల్ బోర్డో కేబులో అయితే చిన్న ఖర్చుతో పోతుంది, అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుంది. అంతవరకే చేయండి. నడపడానికి కాదు, అమ్మడానికి.

70 వేల బేరం మీద మీరు చిన్నబుచ్చుకున్నారు. లక్షా 90 వేలు పెట్టినవారికి అది సహజమే. అయితే ఈ యంత్రాల విలువ ఎప్పుడూ అవి యూనిట్ కరెంటుకు ఎంత పని చేస్తాయన్నదాన్ని బట్టే ఉంటుంది. మీవి టెరాహాష్‌కు 30.5 జూళ్ల విద్యుత్ శక్తి తీసుకునే తరానివి. బిట్‌మెయిన్ ఎస్21 వంటి తర్వాతి తరం యంత్రాలు 17.5 జూళ్లతో అదే పని చేస్తాయి. కొత్తవి వచ్చేకొద్దీ పాతవాటి ధర దిగుతుందే గాని ఎక్కదు. మరో ఇద్దరు ముగ్గురిని అడిగి, బోర్డు లోపం దాచకుండా చెప్పి, నెల రోజుల్లో అమ్మేయడం ఒక దారి. వ్యాపారి మీద నోటీసు నడిపేదాకా యంత్రాలను సాక్ష్యంగా ఉంచుకోవడం రెండో దారి. అలాగైతే ఆ కొద్ది నెలల్లో ధర ఇంకొంత పడిపోవడానికి సిద్ధపడాలి. మధ్యేమార్గం కూడా ఉంది. బాగున్న యంత్రాన్ని ఇప్పుడే అమ్మి, చెడిపోయినదాన్ని కేసు కోసం ఉంచుకోవచ్చు. నేనైతే ఈ మూడో దానివైపు మొగ్గుతాను.

సోలార్ ఆలోచన మంచిదే, కానీ ఈ పనికి సరిపోదు. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పీఎం సూర్యఘర్ పథకం కింద ఎక్కువలో ఎక్కువ 78 వేల సబ్సిడీతో మూడు కిలోవాట్లు పెట్టుకున్నా రోజుకు పన్నెండు యూనిట్లే. మీ ఒక్క యంత్రానికే 73 కావాలి. ఇంటి బిల్లు తగ్గించుకోవడానికి సోలార్ పెట్టుకోండి, ఈ అప్పు తీరాక.

మీ బావమరిది ప్రతిపాదనను అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అది అబద్ధం కాదు, ఆశ చూపే మోసమూ కాదు. డాలరు 87 రూపాయలనుకుంటే ఏడున్నర సెంట్లంటే ఆరున్నర రూపాయలు. 200 టెరాహాష్‌ల కొత్త యంత్రం 3,500 వాట్లతో రోజుకు 84 యూనిట్లు వాడుతుంది, సుమారు 550 రూపాయలు. పైన అనుకున్న ధరకు 810 రూపాయలు వస్తాయి. మిగిలేది 260. రెండు లక్షల 60 వేల యంత్రం సొమ్ము తిరిగి రావడానికి వెయ్యి రోజులు, అదీ పూల్ (మైనింగ్ చేసేవారు కలిసి పనిచేసే బృందం) రుసుము, పన్ను, ఆగిన రోజులు లెక్కలోకి తీసుకోకుండా. ఆలోపే 2028లో వచ్చే హాల్వింగ్ కొత్త నాణేల రాబడిని సగం చేస్తుంది. హోస్టింగ్ కేంద్రాలూ పడిపోయిన సందర్భాలున్నాయి. 2022 సెప్టెంబరులో కంప్యూట్ నార్త్, డిసెంబరులో కోర్ సైంటిఫిక్ దివాలా రక్షణ కోరాయి. ఒక కేంద్రం అలా ఆగితే అందులో యంత్రాలు పెట్టినవారు వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి కోర్టు ప్రక్రియ కోసం ఎదురుచూడాలి. టెక్సస్‌లో గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు మైనింగ్ కేంద్రాలు యంత్రాలు ఆపడం మామూలే. ఆ ఆగిన గంటల నష్టం ఎవరిదో కాంట్రాక్టులో చూడాలి.

ఇంకొకటి, మీ బావమరిది మీకన్నా ముందు ఆలోచించుకోవలసింది. కాంట్రాక్టు ఆయన పేరు మీద ఉంటే, మైనింగ్‌లో వచ్చిన ప్రతి నాణెం వచ్చిన రోజు విలువ చొప్పున అమెరికాలో ఆయన ఆదాయం అవుతుంది. ఆయన హెచ్1బీ మీద ఉన్నారని రాశారు. ఆ వీసా మీద ఉన్నవారు సొంత వ్యాపారంలా కనిపించే పని చేయడం ఇమిగ్రేషన్ చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. ఆయన తన వకీలును ఒక్కసారి అడిగి అప్పుడు మాట్లాడమని చెప్పండి. ఇది ఆయన సొంత డబ్బుతో చేసుకుంటే ఆయన ఇష్టం. మీరు సగం పెట్టడానికి మళ్లీ అప్పు చేయాలి. ఆ అప్పు మోసే శక్తి మీకు ఇప్పుడు లేదు.

మీ దగ్గర ఉన్న 0.012 బిట్‌కాయిన్ అమ్మితే పైన అనుకున్న ధరకు లక్షా ఎనిమిది వేలు. కానీ అంతా చేతికి రాదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు ఉన్నాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. మైనింగ్ ఏర్పాటుకు పెట్టిన పెట్టుబడి కొన్న ధర కిందకు రాదని కేంద్రం 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. అంటే మీరు కట్టిన కరెంటు బిల్లులూ, యంత్రాల ధరా లెక్కలోకి రావు. నిజానికి నష్టపోయినా, అమ్మగా వచ్చిన మొత్తం సొమ్ముపై పన్ను కట్టవలసి రావచ్చు. చేతిలో మిగిలేది 74 వేల దగ్గర అనుకోండి. అమ్మేటప్పుడు పట్టుకునే ఒక శాతం టీడీఎస్ మీ పన్నులో జమ అవుతుంది. అమ్మే ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవండి, ఎక్స్ఛేంజీ నుంచి తప్ప వాట్సాప్ పరిచయాల ద్వారా నగదుకు అమ్మకండి. ఈ నాణేలు ఉంచుకోవడమా, అమ్మి అప్పు తగ్గించడమా అన్నది మీ ఇష్టం. బంగారం మీద వడ్డీ, చేబదులు ఇచ్చిన స్నేహితుడి మొహమాటం, రెండూ రోజూ పెరిగేవేనని మాత్రం గుర్తుంచుకోండి. అమ్మిన యంత్రాల డబ్బూ ఇదీ కలిపితే లక్షా 40 వేల దాకా తేలుతుంది. దాన్నుంచి స్నేహితుడికి ముందు ఇస్తారో, బ్యాంకులో కొంత కట్టి వడ్డీ తగ్గించుకుంటారో మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

‘మీ ఇంట్లో’ అన్నాను. బంగారం ఆమెది. దుకాణం సరుకు కోసమని నమ్మి ఇచ్చింది. ఇది ఆమెకు ఎలాగూ తెలుస్తుంది, బంగారం తాకట్టు గడువు డిసెంబరులో వచ్చినప్పుడో, లైన్‌మన్ డాబా ఎక్కినప్పుడో. మీ నోటి నుంచి కాకుండా అలా తెలిస్తే, పోయిన డబ్బు కన్నా ఆ అబద్ధమే ఆమెను ఎక్కువ బాధపెడుతుంది. అంతా సర్దుకున్నాక చెబుతానని మీరు రాశారు. అలా చెప్పడానికి కారణం భయమేనని నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. అయితే సర్దుబాటు చేసుకోవడానికే ఆమె సాయం కావాలి. పొదుపు సంఘంలో లెక్కలు రాసేది ఆమేనని మీరే చెప్పారు. ఆమె కోపపడుతుంది, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, పుట్టింటివాళ్లకు చెప్పవచ్చు. ఆ కోపానికి ఎదురు చెప్పకండి, వ్యాపారి మోసం చేశాడన్న మాటతో మొదలుపెట్టకండి. యంత్రాలు ఆపేసిన తర్వాతే, ఫ్యాన్ల హోరు లేని రాత్రి, ఈ అయిదు నెలల బిల్లులు, బంగారం రసీదు, స్నేహితుడికి ఇవ్వవలసిన మొత్తం, చేతికి రాగల మొత్తం, అన్నీ ఒకే కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. డిసెంబరు దాకా ఇంకా సమయం ఉంది. రాసేటప్పుడు ఒక్క అంకె కూడా తగ్గించకండి, ఆ కాలిన ప్లగ్గు ఫొటోతో సహా.